చిన్న వ్యాపారానికి సరైన ఇంటర్నెట్ కనెక్షన్: మొదటి లెక్క నుంచి చివరి టెస్ట్ దాకా

కొత్తగా ఆఫీసో షాపో పెట్టేవాళ్లలో చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎంత స్పీడ్ ప్లాన్ తీసుకోవాలి?" దానికి జవాబు చెప్పాలంటే ముందు రెండు సంగతులు తేలాలి. మీ పనికి అప్‌లోడ్ ఎంత కావాలి? నెట్ పోయిన గంటలో మీ దగ్గర ఏమేం ఆగిపోతాయి? ఇవి తేల్చుకోకుండా ప్లాన్ల పట్టిక చూస్తే కన్ను పెద్ద డౌన్‌లోడ్ అంకె మీదికే పోతుంది. డబ్బు ఎక్కువ కట్టినా కాల్స్ తెగుతూనే ఉంటాయి.

ఇద్దరు ముగ్గురి నుంచి ఇరవై మంది దాకా పనిచేసే చోటుకి ఈ మార్గదర్శి సరిపోతుంది. దశలు ఇదే వరుసలో చేయండి. ముఖ్యంగా మొదటి రెండూ దాటవేయకండి.

1. నెట్ పోతే ఏం ఆగుతుందో రాసుకోండి

ఒక కాగితం తీసుకుని నెట్ మీద నడిచే ప్రతి పనీ రాయండి. పక్కనే, నెట్ లేకుండా ఆ పని ఎంతసేపు ఆగగలదో రాయండి. అది మూడు రకాలుగా తేలుతుంది.

- నిమిషం కూడా ఆగనివి: కార్డు మెషీన్, ఆన్‌లైన్ బిల్లింగ్, నెట్ మీద నడిచే ఫోన్లు, కస్టమర్‌తో వీడియో కాల్
- గంటా రెండు గంటలు ఆగగలిగేవి: ఈమెయిల్, ఆర్డర్ల నమోదు, ఫైళ్లు పంపడం
- రేపటికి వాయిదా వేయగలిగేవి: క్లౌడ్ బ్యాకప్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, కెమెరా రికార్డింగుల కాపీ

మొదటి రకంలో ఎన్ని పనులు ఉన్నాయో దాన్ని బట్టే మీకు ఎలాంటి లైన్ కావాలో తెలుస్తుంది. కౌంటర్ మీద నడిచే షాపుకి స్పీడ్ పెద్దగా అక్కర్లేదు, ఒక కార్డు చెల్లింపుకి కొద్ది కిలోబైట్లు చాలు. కానీ ఆ లైన్ తెగకూడదు. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ల సంగతి వేరు. వాళ్లు అరగంట నెట్ లేకపోయినా సర్దుకుంటారు, అప్‌లోడ్ నెమ్మదిస్తే మాత్రం రోజంతా వృథా. ఈ ఇద్దరికీ ఒకే ప్లాన్ సరిపడదు.

2. కావాల్సిన స్పీడ్ లెక్క కట్టండి

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. ప్లాన్లలో చెప్పే ఎంబీపీఎస్ అంటే సెకనుకి మెగాబిట్లు. ఫైళ్ల సైజు బైట్లలో ఉంటుంది, ఒక బైట్‌కి 8 బిట్లు. అంటే 100 ఎంబీపీఎస్ లైన్ మీద ఫైల్ దిగే వేగం సెకనుకి 12.5 మెగాబైట్లు మించదు. అంతకంటే కాస్త తక్కువే కనిపిస్తుంది, అది లోపం కాదు.

లెక్కకి పనికొచ్చే అంచనాలు ఇవి:

- నెట్ ఫోన్ కాల్: రెండు వైపులా సుమారు 0.1 ఎంబీపీఎస్
- మంచి నాణ్యత వీడియో కాల్: రెండు వైపులా 3 నుంచి 4
- క్లౌడ్‌కి ఎక్కే ఫుల్ హెచ్‌డీ కెమెరా: ఒక్కోదానికి అప్‌లోడ్ 2 నుంచి 4
- బ్రౌజింగ్, ఈమెయిల్, ఆన్‌లైన్ బిల్లింగ్: మనిషికి డౌన్‌లోడ్ 2 నుంచి 3

మొత్తం మనుషులను కాదు, ఒకే సమయంలో జరిగే పనులను లెక్కించండి. ఎనిమిది మంది ఉన్న ఒక ఆఫీసు అనుకుందాం. రద్దీ వేళ మూడు వీడియో కాల్స్, రెండు ఫోన్ కాల్స్, క్లౌడ్‌కి ఎక్కే నాలుగు కెమెరాలు ఉన్నాయి. బ్యాకప్‌ని 5 ఎంబీపీఎస్ మించకుండా కట్టడి చేశారు.

అప్‌లోడ్: వీడియో కాల్స్‌కి 12, ఫోన్లకి 0.2, కెమెరాలకి (ఒక్కోదానికి 2 చొప్పున) 8, బ్యాకప్‌కి 5. మొత్తం సుమారు 25. దాని మీద ముందుజాగ్రత్తకి 30 శాతం కలిపితే 33.

డౌన్‌లోడ్: కాల్స్‌కి 12, ఎనిమిది మంది బ్రౌజింగ్‌కి 24. మొత్తం 36. దాని మీద 30 శాతం కలిపితే 47.

అంటే రెండు వైపులా 50 ఇచ్చే లైన్ ఈ ఆఫీసుకి హాయిగా సరిపోతుంది. డౌన్‌లోడ్ 200, అప్‌లోడ్ 20 అని ఉన్న ప్లాన్ చాలదు! ప్రకటనలో మాత్రం రెండోదే నాలుగు రెట్లు పెద్దగా కనిపిస్తుంది. పెద్ద ఫైళ్లు పంపేవాళ్లు ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. 2 జీబీ ఫైల్ 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద ఎక్కడానికి సుమారు 27 నిమిషాలు పడుతుంది, 50 మీద ఐదు నిమిషాల పైచిలుకు.

3. మీ భవనానికి ఏ లైన్ వస్తుందో కనుక్కోండి

"మీ ఏరియాలో ఉంది" అంటే మీ గదిలోకి వస్తుందని కాదు. భవనంలోకి కేబుల్ ఎటు నుంచి వస్తుంది, పై అంతస్తుకి తేవడానికి యజమాని ఒప్పుకోవాలా, ఇప్పటికే పైపు వేసి ఉందా అన్నవి ముందే అడగండి. పక్క ఆఫీసు వాళ్లని ఒక్కమాట అడిగితే ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకని సమాచారం దొరుకుతుంది: ఏ వేళ నెట్ నెమ్మదిస్తుంది? కంప్లయింట్ ఇస్తే మనిషి ఎప్పుడు వస్తాడు?

ఫైబర్. దొరికితే ఇదే తీసుకోండి. అయితే ఇళ్లకీ చిన్న ఆఫీసులకీ ఇచ్చే ఫైబర్ పంచుకునే లైను. బాగా వాడుకలో ఉన్న జీపాన్ పద్ధతిలో ఒక ఫైబర్‌ని 32 లేదా 64 కనెక్షన్లుగా చీలుస్తారు. అందరికీ కలిపి డౌన్‌లోడ్ సుమారు 2.5 జీబీపీఎస్ (అంటే 2,500 ఎంబీపీఎస్), అప్‌లోడ్ 1.25. అందరూ ఒకేసారి లాగరు కాబట్టి మామూలు రోజుల్లో ఇబ్బంది ఉండదు. మరీ ఎక్కువ కనెక్షన్లు కలిపిన చోట రద్దీ వేళ తేడా తెలుస్తుంది.

కేబుల్ టీవీ లైన్ మీద నెట్. డౌన్‌లోడ్ బాగుంటుంది, అప్‌లోడ్ చాలా తక్కువ. తీసుకునే ముందు అప్‌లోడ్ అంకె కాగితం మీద చూడండి.

రాగి టెలిఫోన్ లైన్. ఎక్స్చేంజ్ లేదా వీధి పెట్టె నుంచి దూరం పెరిగేకొద్దీ స్పీడ్ పడిపోతుంది. వేరే దారి లేకపోతేనే.

4జీ, 5జీ. లైన్ లాగే పని లేదు, అదే రోజు మొదలుపెట్టొచ్చు. ఒకే టవర్‌ని ఎంతమంది వాడుతుంటే వేగం అంతగా తగ్గుతుంది. కొనేముందు ఆ కంపెనీ సిమ్ ఉన్న ఫోన్‌తో, రౌటర్ పెట్టబోయే చోటే, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం పరీక్షించండి. కిటికీ దగ్గర బాగున్న సిగ్నల్ లోపలి గదిలో సగం కూడా ఉండకపోవచ్చు.

శాటిలైట్. ఏ లైనూ రాని చోటుకి. భూస్థిర ఉపగ్రహాలు సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి కాబట్టి సిగ్నల్ వెళ్లి రావడానికే అర సెకనుకి పైగా పడుతుంది, ఫోన్లో ఒకరి మాట మీద ఒకరు మాట్లాడేస్తారు. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలతో నడిచే సేవల్లో ఈ బాధ చాలా తక్కువ.

లీజ్డ్ లైన్. అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండూ సమానం, ఎవరితోనూ పంచుకోరు, చెడితే ఇన్ని గంటల్లో బాగుచేస్తామని రాసిస్తారు. ఖరీదు చాలా ఎక్కువ. గంట నెట్ పోతే వచ్చే నష్టం నెల అద్దెకి దగ్గరగా ఉన్నవాళ్లకే ఇది గిట్టుబాటు. మిగతావాళ్లు రెండు మామూలు లైన్లు తీసుకోవడం మేలని నా అభిప్రాయం.

4. స్పీడ్ ఉన్నా కాల్స్ తెగుతుంటే ఎక్కడ చూడాలి

- లేటెన్సీ: డేటా వెళ్లి రావడానికి పట్టే సమయం. మాట ఒక వైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు మించకూడదన్నది టెలిఫోన్ ప్రమాణం
- జిట్టర్: ఆ సమయంలో వచ్చే హెచ్చుతగ్గులు. 30 మిల్లీసెకన్ల లోపు ఉండాలి
- ప్యాకెట్ లాస్: దారిలో పోయే డేటా. 1 శాతం దాటితే మాట ముక్కలవుతుంది

ఈ మూడింటినీ లైన్ ఖాళీగా ఉన్నప్పుడు కొలిస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అసలు సంగతి లైన్ నిండినప్పుడు బయటపడుతుంది. ఒకరు కస్టమర్‌తో మాట్లాడుతుంటారు, పక్క టేబుల్ మీద ఇంకొకరు పెద్ద ఫైల్ పంపడం మొదలుపెడతారు. వెంటనే కాల్‌లో గొంతు రోబోలా మారుతుంది, ఫైల్ ఎక్కడం అవగానే మళ్లీ సర్దుకుంటుంది. స్పీడ్ టెస్ట్ చేస్తే ఏ లోపమూ కనబడదు.

కారణం రౌటర్‌లోనో మోడెమ్‌లోనో ఉండే క్యూ. అప్‌లోడ్ నిండిపోగానే ఆ ఫైల్ ముక్కలన్నీ వరుస కడతాయి, మాట ముక్కలు వాటి వెనక ఇరుక్కుంటాయి. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. పెద్ద ప్లాన్‌కి మారితే కొంత తగ్గినట్టు ఉంటుంది కానీ పోదు. ఎస్‌క్యూఎమ్ అనే, ఆ క్యూ పెరగకుండా చూసే సౌకర్యం ఉన్న రౌటర్ పెట్టి, అసలు లైన్ స్పీడ్‌లో 85 నుంచి 90 శాతం దగ్గర పరిమితి పెట్టండి. ఆ కాస్త స్పీడ్ వదులుకుంటే కాల్స్ నిలకడగా ఉంటాయి. ప్లాన్ పెంచే ముందు ఇది చేసి చూడండి.

5. సంతకానికి ముందు అడగాల్సినవి

జవాబులు ఫోన్లో వినేసి ఊరుకోకండి, ఈమెయిల్‌లో తెప్పించుకోండి.

- అప్‌లోడ్ స్పీడ్ ఎంత? రద్దీ వేళ కనీసం ఎంత ఇస్తారు?
- ఎఫ్‌యూపీ పరిమితి (ఇంత డేటా వాడాక స్పీడ్ తగ్గించే నిబంధన) ఉందా? అది దాటాక స్పీడ్ ఎంతకి పడిపోతుంది?
- ఇంటి ప్లాన్‌ని వ్యాపారానికి వాడొచ్చా? నిబంధనలో ఎక్కడ రాసి ఉంది?
- ఫైబర్ తెగితే ఎన్ని గంటల్లో బాగుచేస్తారు? ఆదివారం, సెలవు రోజుల్లో కూడానా?
- ఒప్పందం ఎన్ని నెలలు? మధ్యలో మానేస్తే ఏం కట్టాలి?
- ఆఫర్ అయిపోయాక నెల బిల్లు ఎంత? పన్ను, రౌటర్ అద్దె అందులో కలిసే ఉన్నాయా?
- ఆఫీసు మారితే లైన్ మార్చడానికి ఎంత తీసుకుంటారు?
- మా సొంత రౌటర్ పెట్టుకోవచ్చా? మీ పెట్టె రౌటర్ పని మానేసి లైన్ మాత్రమే అందించేలా బ్రిడ్జ్ మోడ్‌లో పెడతారా?

"99 శాతం సమయం నెట్ ఉంటుంది, గ్యారంటీ" అంటే గొప్పగా అనిపిస్తుంది. 30 రోజుల నెలలో 720 గంటలు, అందులో 1 శాతం అంటే 7 గంటలకి పైన నెట్ ఉండకపోవచ్చు. 99.9 శాతం అంటే నెలకి సుమారు 43 నిమిషాలు. ఇంకో ప్రశ్న కూడా అడగండి: ఆ మాట తప్పితే ఏమిస్తారు? చాలా ఒప్పందాల్లో పోయిన గంటలకి బిల్లులో కాస్త తగ్గింపు ఇస్తారు, అంతే. మీ వ్యాపార నష్టం వాళ్ల లెక్కలోకి రాదు.

6. స్టాటిక్ ఐపీ అవసరమా?

ఐపీ అంటే నెట్‌లో మీ లైన్ చిరునామా, స్టాటిక్ అంటే అది మారకుండా ఉండేది. బయటి నుంచి మీ ఆఫీసులోని కంప్యూటర్‌లోకి, సర్వర్‌లోకి రావాలన్నా, మీ ఐపీని నమోదు చేసుకుంటేనే తెరుచుకునే పోర్టల్ వాడాలన్నా అవసరం. బిల్లింగ్, ఈమెయిల్, ఫైళ్లు అన్నీ క్లౌడ్‌లో ఉంటే అక్కర్లేదు.

ఒక చిక్కు మాత్రం గుర్తుంచుకోండి. మొబైల్ కనెక్షన్లలోనూ, కొన్ని ఫైబర్ ప్లాన్లలోనూ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచుతారు. రౌటర్ పేజీలో మీ బయటి ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే మీది అదే. అప్పుడు పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేదాన్ని లోపలి కంప్యూటర్‌కి పంపే అమరిక) ఎంత సరిగ్గా చేసినా పనిచేయదు. ఆ ఏర్పాటుతో గంటలు కుస్తీ పట్టే ముందు ఈ ఒక్క అంకె చూసుకోండి.

7. రెండో లైన్ ఏర్పాటు

స్పీడ్‌కి పెట్టే డబ్బులో కొంత దీనికి మళ్లించండి. 300 లైన్ ఒక్కటి ఉన్న ఆఫీసు కంటే 100 లైన్‌కి తోడు ఒక చిన్న బ్యాకప్ లైన్ ఉన్న ఆఫీసు తక్కువ టెన్షన్‌తో నడుస్తుంది.

ఎంచుకునేటప్పుడు దారి వేరా కాదా చూడాలి. రెండు కంపెనీల ఫైబర్లు ఒకే స్తంభం మీదుగా, ఒకే గోతిలోంచి వస్తుంటే ఒక్క తవ్వకంతో రెండూ పోతాయి. అందుకే మొదటిది ఫైబర్ అయితే రెండోది 4జీ, 5జీ పెట్టుకోవడం మంచిది, అది కూడా వేరే కంపెనీది.

రెండు వాన్ పోర్టులున్న (బయటి లైన్లు రెండు తగిలించే వీలున్న) రౌటర్, లేదా సిమ్ పెట్టుకునే వీలున్న రౌటర్ కొంటే లైన్ దానంతట అదే మారుతుంది. అమరిక ఇలా చేయండి:

1. మొదటి లైన్ బాగుందో లేదో తెలుసుకోవడానికి 8.8.8.8, 1.1.1.1 లాంటి బయటి అడ్రసులకి పింగ్ చేసేలా (చిన్న సందేశం పంపి జవాబు వస్తుందో లేదో చూసేలా) పెట్టండి. కేబుల్ లైట్ వెలుగుతోందా అన్నది మాత్రమే చూసే అమరిక పనికిరాదు, కంపెనీ వైపు తెగినప్పుడు ఆ లైట్ వెలుగుతూనే ఉంటుంది.
2. మొదటి లైన్ తిరిగొచ్చాక వెంటనే కాకుండా కొద్ది నిమిషాలు నిలకడగా ఉన్నాకే వెనక్కి మారేలా పెట్టండి. లేకపోతే అటూ ఇటూ ఊగుతుంది.
3. బ్యాకప్ లైన్ మీద నడుస్తున్నప్పుడు కెమెరాలు, క్లౌడ్ బ్యాకప్, అప్‌డేట్లు ఆగేలా చేయండి. లేదంటే సిమ్ డేటా కొద్ది గంటల్లోనే ఖాళీ.
4. ఐపీ నమోదు కావాల్సిన పోర్టల్‌లో రెండో లైన్ ఐపీ కూడా చేర్పించండి. రెండో లైన్‌కి స్థిరమైన ఐపీ దొరక్కపోతే, ఆ పోర్టల్ బ్యాకప్ మీద తెరుచుకోదని సిబ్బందికి ముందే చెప్పండి.
5. నెలకోసారి మొదటి లైన్ కేబుల్ పీకి చూడండి. పని నడిచే వేళలోనే పీకండి. సిమ్ రీఛార్జ్ అయిపోయిన సంగతి అసలు అవసరం పడ్డ రోజు తెలియకూడదు.

ఇంత ఏర్పాటు వద్దనుకునే చిన్న షాపుకి సిమ్ ఉన్న కార్డు మెషీన్, ఫోన్ హాట్‌స్పాట్ చాలు. అయితే బిల్లింగ్ కంప్యూటర్‌ని ఆ హాట్‌స్పాట్‌కి ఒకసారి ముందే కనెక్ట్ చేసి పాస్‌వర్డ్ సేవ్ చేసి ఉంచండి.

8. లైన్ వేసే రోజు

- ఫైబర్ పెట్టె, రౌటర్ ఎక్కడ ఉండాలో ముందే నిర్ణయించండి. గాలి ఆడే చోటు, కాలు తగలని ఎత్తు, దగ్గరలో ప్లగ్ ఉండాలి
- రెండింటికీ కలిపి యూపీఎస్ పెట్టండి. రౌటర్ ఒక్కదానికి పెట్టి ఫైబర్ పెట్టెని వదిలేస్తే కరెంటు పోగానే వైఫై ఉంటుంది, నెట్ ఉండదు
- బిల్లింగ్ కంప్యూటర్, ఫోన్లు, ప్రింటర్, కెమెరాలకి క్యాట్6 కేబుల్ వేయించండి. ఒక్కో కేబుల్ 100 మీటర్లు దాటకూడదు
- ఫైబర్ తీగని మూలల్లో మడిచి మేకులతో బిగించనివ్వకండి. మరీ వంగితే వెలుతురు బయటికి జారి సిగ్నల్ తగ్గుతుంది

టెక్నీషియన్ వెళ్లే ముందు ఆప్టికల్ పవర్ (ఫైబర్‌లో మీ దాకా వచ్చే వెలుతురు బలం) ఎంత వచ్చిందో అడిగి రాసుకోండి. మామూలు జీపాన్ పెట్టెలు మైనస్ 27 డీబీఎమ్ దాకా అందుకునేలా తయారవుతాయి. మీది మైనస్ 18, 20 ఉంటే నిశ్చింత. మైనస్ 26 అయితే పని చేస్తుంది కానీ ఇంకాస్త తగ్గితే లైన్ పడిపోతుంది, కాబట్టి కనెక్టర్ తుడిపించి, అతుకులు సరిచూసి మళ్లీ కొలవమనండి. ఆరు నెలల తర్వాత లైన్ ఇబ్బంది పెడితే ఈ అంకెతో పోల్చి చూపించొచ్చు, "రౌటర్ ఆపి ఆన్ చేయండి" దగ్గరే కంప్లయింట్ ఆగదు.

9. మొదటి వారం పరీక్షలు

వైఫై మీద కాకుండా రౌటర్‌కి కేబుల్‌తో తగిలించిన కంప్యూటర్ మీదే చేయండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం స్పీడ్ టెస్ట్ చేసి స్క్రీన్‌షాట్లు దాచండి. బయటి అడ్రస్‌కి వంద పింగ్‌లు పంపి ఎన్ని తిరిగిరాలేదో చూడండి. తర్వాత పెద్ద ఫైల్ అప్‌లోడ్ పెట్టి, అది నడుస్తుండగానే మళ్లీ వంద పంపండి. జవాబు రావడానికి 20 మిల్లీసెకన్లు పట్టేది 300 అయిందంటే నాలుగో దశలో చెప్పిన ఎస్‌క్యూఎమ్ అమరిక మీకు కావాలి.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

వైఫై తప్పుని లైన్ మీద వేయడం. కేబుల్ మీద 100, వైఫై మీద 15 వస్తుంటే ప్లాన్ మార్చి లాభం లేదు. దగ్గర్లో ఉన్న పరికరాలను 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. 2.4 మీద 1, 6, 11 ఛానెళ్లలో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి. దూరపు గదికి కేబుల్ లాగి అక్కడ ఇంకో యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే పెట్టె) పెట్టండి.

స్పీడ్ సరిగ్గా 94, 95 దగ్గర ఆగిపోవడం. 300 ప్లాన్‌లో ఇలా వస్తుంటే ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్ట్ ఉంది, లేదా కేబుల్‌లోని ఎనిమిది తీగల్లో ఏదో తెగింది. రౌటర్ పోర్టులు గిగాబిట్‌వా చూడండి, కేబుల్ మార్చి చూడండి.

కస్టమర్లకి ఆఫీసు వైఫై పాస్‌వర్డ్ ఇవ్వడం. బిల్లింగ్ కంప్యూటర్, కార్డు మెషీన్ ఉన్న నెట్‌వర్క్‌లోకి ఎవరినీ రానివ్వకండి. గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా పెట్టి, దానికి స్పీడ్ పరిమితి పెట్టండి. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చేయాలి.

పగలు బ్యాకప్ నడపడం. షెడ్యూల్‌ని రాత్రికి మార్చండి. ఖర్చు లేని పని, ఫలితం వెంటనే కనిపిస్తుంది.

11. పాత లైన్ తీసేసే ముందు

కొత్త లైన్ వచ్చిన రోజే పాతది రద్దు చేయకండి. కనీసం రెండు వారాలు, వీలైతే ఒక నెలాఖరు దాటేదాకా రెండూ ఉంచండి. బిల్లింగ్ రద్దీ, జీతాల పని, నెలవారీ రిపోర్టులు అన్నీ నెలాఖరులోనే వస్తాయి.

- పాత స్టాటిక్ ఐపీ ఎక్కడెక్కడ నమోదైందో వెతికి మార్చండి: పోర్టళ్లు, వీపీఎన్, కెమెరా యాప్, డొమైన్ సెట్టింగులు
- పాత కంపెనీ ఇచ్చిన ఈమెయిల్ చిరునామా, ఫోన్ నంబర్ వాడుతుంటే ముందు వాటిని మార్చుకోండి
- రద్దు చేయమన్న మాట రాతలో పంపి, వాళ్లు ఒప్పుకున్న జవాబు దాచండి
- మోడెమ్, రౌటర్ వెనక్కి ఇచ్చి రసీదు తీసుకోండి. డిపాజిట్ తిరిగి రావాలంటే ఆ రసీదే ఆధారం
- బ్యాంక్ ఖాతా నుంచి దానంతట అదే కట్ అయ్యే చెల్లింపు ఉంటే ఆపించండి

పాత లైన్ వేరే దారిలో వస్తున్నదై, దానికి చవక ప్లాన్ దొరుకుతుంటే తీసేయకుండా అదే బ్యాకప్‌గా ఉంచుకోండి.